పేజ్‌మేకర్‌లో ఫిజిక్స్ పుస్తకం

తొంభైల చివర్లో విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదు చిక్కడపల్లిలోనో కంప్యూటర్లో పేజీలు కూర్చే ఏ డీటీపీ సెంటరు మెట్లెక్కినా తెర మీద కనిపించేది ఒకటే. మధ్యలో తెల్లటి పేజీ, చుట్టూ పేస్ట్‌బోర్డు అనే ఖాళీ స్థలం, దాని మీద అక్కడక్కడా ఇంకా చోటు దొరకని బొమ్మలూ పేరాలూ. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కథల పుస్తకాలు అన్నీ ఆ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే తయారయ్యేవి. వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఇంటర్ ఫిజిక్స్ గైడో, పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ పుస్తకమో వచ్చిందంటే మాత్రం సెంటర్లో బాగా చెయ్యి తిరిగిన ఆపరేటరు ముందుకే ఆ రాతప్రతి చేరేది. ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు, గ్రీకు అక్షరాలు, పైనొక అంకె కిందొక అంకె, సమీకరణం, సర్క్యూట్ బొమ్మ, పట్టిక. ఇవన్నీ ఒకదాన్నొకటి తొక్కకుండా కూర్చోవాలి.

ఆల్డస్ కంపెనీ 1985లో మాకింతోష్ కోసం పేజ్‌మేకర్‌ను తెచ్చింది. ఆ తర్వాత అది విండోస్‌కి వచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. మన దగ్గర ఎక్కువ కాలం నడిచినవి 6.5, 2001లో వచ్చిన 7.0. ఆ 7.0 తర్వాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. 1999లోనే అడోబీవారి కొత్త పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వచ్చినా తెలుగు సెంటర్లు చాలా ఏళ్లు అటు కదల్లేదు. ఫాంట్లు, కీబోర్డు డ్రైవర్లు, పాత పుస్తకాల ఫైళ్లు అన్నీ పేజ్‌మేకర్‌కి అలవాటు పడి ఉన్నాయి. ఏటా రెండో ఎడిషన్, మూడో ఎడిషన్ వేసే గైడుకి పాత ఫైలు తెరుచుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం.

అసలు సంగతేమిటంటే పేజ్‌మేకర్‌కి తెలుగు రాదు. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన స్థానాల్లో పెట్టుకున్నవే. ఫాంటులో ఉన్నవి 256 స్థానాలు, వాటిలోనూ కొన్ని వాడుకోవడానికి వీల్లేనివి. తెలుగు గుణింతాలూ సంయుక్తాక్షరాలూ వాటిలో పట్టవు కాబట్టి అక్షరం ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుడి ఒకటి, ఒత్తు ఒకటి. తెర మీద మనకి ‘త్వరణం’ కనిపిస్తుంటే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఏదో అర్థంలేని ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు మాటకి అది చెయ్యాలనుకున్న మేలు ప్రతిదీ తెలుగుకి చేటు. సాంకేతిక పుస్తకం బాగా రావాలంటే ముందు ఆ మేళ్లన్నీ ఆపుకోవాలి.

మొదటిది కొటేషన్ గుర్తులు. ప్రిఫరెన్సెస్‌లో టైపోగ్రాఫర్స్ కోట్స్ ఆన్‌లో ఉంటే నిలువు కొటేషన్‌ను అది వంపు కొటేషన్‌గా మార్చేస్తుంది. తెలుగు ఫాంటులో ఆ స్థానంలో ఉన్నది కొటేషన్ కాదు, ఏ ఒత్తో, ఏ దీర్ఘమో. దాంతో పుస్తకమంతా ఒక ఒత్తు బదులు మరో ముక్క పడుతుంది. అక్కడ ఆపేసినా సరిపోదు. మేటర్ తెచ్చుకునేటప్పుడు కంట్రోల్+డి కొడితే వచ్చే ప్లేస్ బాక్సులో కన్వర్ట్ కోట్స్ అని విడిగా ఇంకో టిక్ ఉంటుంది. అదీ తియ్యాలి. వేరే ఊళ్లో వర్డ్‌లో కొట్టించిన మేటర్ అయితే అక్కడి ఆటోకరెక్ట్ అప్పటికే కొంత పాడుచేసి ఉంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని అది క్యాపిటల్ చేస్తే, తెలుగు ఫాంటులో అక్కడ ఇంకేదో అక్షరం ప్రత్యక్షమవుతుంది. ప్రతి వాక్యం మొదట్లోనే తప్పు కనిపిస్తోందంటే కారణం ఇదే, ఆపరేటరు చెయ్యి కాదు.

రెండోది హైఫనేషన్, అంటే లైను చివర మాటను విరిచి హైఫన్ పెట్టడం. అది ఆన్‌లో ఉండి, అల్గారిథమ్ పద్ధతి ఎంచుకుని ఉంటే ‘విద్యుద్విశ్లేషణ’ను ఎక్కడ పడితే అక్కడ నరుకుతుంది. ఒత్తు ఒక లైన్లో, అక్షరం ఇంకో లైన్లో. కాబట్టి ప్రతి స్టైల్‌లోనూ (ఒక్కో రకం పేరాకి దాచుకున్న అమరికలో) హైఫనేషన్ ఆఫ్. అయితే ఆపేసినందుకూ ఒక మూల్యం ఉంది. ‘విద్యుదయస్కాంత’ లాంటి పొడుగు మాట లైన్లో పట్టక కిందికి దిగితే పై లైన్లో మాటల మధ్య ఖాళీలు నోళ్లు తెరుస్తాయి. కొందరు షిఫ్ట్+ఎంటర్ కొట్టి చేత్తో విరిచేవారు. ఆ క్షణానికి బాగానే ఉంటుంది. తర్వాత ప్రూఫులో పై లైన్లో ఒక మాట చేరిందంటే ఆ విరుపు పేరా మధ్యకి జరిగి లైను సగంలో ఆగిపోతుంది. అందుకని చేతి విరుపులన్నీ ఆఖరి ప్రూఫు అయ్యాక, ట్రేసింగ్‌కి (అచ్చు ప్లేటు కోసం వెలుతురు దాటే కాగితం మీద తీసే ప్రింటుకి) ముందే చెయ్యాలి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, చాలామంది పట్టించుకోనిది. పారాగ్రాఫ్ బాక్సులో స్పేసింగ్ అని ఒక మీట ఉంది. అందులో లెటర్ స్పేస్‌కి మామూలుగా −5, 0, 25 అని ఉంటాయి. లైను రెండు వైపులా సమానంగా నింపడానికి ఇంగ్లీషు అక్షరాల మధ్య కొంచెం ఖాళీ చేర్చే ఏర్పాటు అది. తెలుగులో ఆ ఖాళీ చేరేది అక్షరాల మధ్యనే కాదు, ఒకే అక్షరంలోని ముక్కల మధ్య కూడా. తలకట్టు అక్షరం మీంచి పక్కకి జరుగుతుంది, ఒత్తు తన అక్షరం కింద కాక పక్కదాని కిందికి పోతుంది. చూసేవాళ్లు ‘ప్రింటింగ్ బాగాలేదు’ అంటారు తప్ప కారణం పోల్చుకోలేరు. మూడు గడుల్లోనూ సున్నా పెడితే ఆ జబ్బు పోతుంది. ఖాళీ సర్దుబాటంతా మాటల మధ్యకే పరిమితమవుతుంది.

పుస్తకం సైజు చాలాసార్లు క్రౌన్ 1/4. 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటు మీద ఒక పక్క 8 పేజీలు, రెండు పక్కలా 16 పడతాయి. పేజీకి 7.5×10 అంగుళాలు, కటింగ్ పోగా ఇంచుమించు 7.25×9.5 మిగులుతుంది. అన్ని పేజీలకీ మూసగా ఉండే మాస్టర్ పేజీలోనే ఎడమ, కుడి పేజీల మార్జిన్లు వేరుగా పెట్టి, బైండింగు వైపు కొంచెం ఎక్కువ వదలాలి. గైడు లావు పెరిగేకొద్దీ లోపలి మార్జిన్ కుట్లలో కలిసిపోతుంది. పేజీ నంబరు కూడా మాస్టర్‌లోనే. అధ్యాయానికొక ఫైలు చేసుకుని, చివర్లో బుక్ కమాండుతో వరసగా కలిపితే నంబర్లు తానే సర్దుకుంటుంది. మొత్తం పుస్తకం ఒకే ఫైల్లో పెట్టడం మాత్రం ప్రమాదం. ఫైలు చెడితే అన్నీ పోతాయి.

బాడీ మేటర్ 14 పాయింట్లు అనుకుంటే ఆటో లీడింగ్ (లైనుకీ లైనుకీ మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేరే పెట్టడం) 120 శాతం చొప్పున 16.8 ఇస్తుంది. చూడ్డానికి చాలు అనిపిస్తుంది. కానీ పేజ్‌మేకర్ ఒక లైనుకి ఆ లైన్లో ఉన్న అతి పెద్ద అక్షరం లీడింగ్ తీసుకుంటుంది. మధ్యలో ఒక గ్రీకు అక్షరం 16 పాయింట్లలో పడిందా, ఆ ఒక్క లైనుకే 19.2 అవుతుంది. పేజీలో లైన్ల మధ్య దూరం ఎగుడుదిగుడుగా వస్తుంది. ఎడమ పేజీ చివరి లైను, కుడి పేజీ చివరి లైను ఒకే ఎత్తులో ఆగవు. అందుకే ఆటో తీసేసి 17 లేక 18 అని అంకె వేసి బిగించాలి. 17 కంటే తగ్గిస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. ‘స్ట్రాన్షియం’ కింద ‘కిరణాలు’ పడిన చోట ఇది తెలుస్తుంది. తెర మీద కొన్నిసార్లు ఒత్తుల అడుగు కోసుకుపోయినట్టు కనిపిస్తుంది కానీ కాగితం మీద బాగానే వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి లీడింగ్ పెంచనక్కర్లేదు, ఒక ప్రింటు తీసి చూసుకుంటే చాలు.

తెలుగు పక్కన ఇంగ్లీషు మాట అదే 14లో పెడితే మరీ పెద్దగా, ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. టైమ్స్ ఫాంటులో 11 లేక 11.5కి దించితే కళ్లకి సమంగా ఉంటుంది. పుస్తకమంతా ఒక్కొక్కటీ ఎంచి దించక్కర్లేదు. కంట్రోల్+ఇ కొట్టి, మేటర్‌ని మాత్రమే చూపే స్టోరీ ఎడిటర్‌లోకి వెళ్లి, ఛేంజ్ బాక్సులో మాట ఏమీ రాయకుండా, కేవలం టైమ్స్ 14 ఉన్న చోటల్లా 11.5 చెయ్యమని లక్షణాలు ఇస్తే ఒక్కసారిలో అయిపోతుంది. ఆ వెతుకులాట లేఅవుట్‌లో పనిచెయ్యదు, స్టోరీ ఎడిటర్‌లోనే.

గ్రీకు అక్షరాలకి సింబల్ ఫాంటు. ఆ మీటలు చేతికి కంఠతా వచ్చి ఉండేవి. చిన్న క్యూ కొడితే థీటా, ఎల్ కొడితే లాంబ్డా, ఎం కొడితే మ్యూ, షిఫ్ట్‌తో డబ్ల్యూ కొడితే ఓమ్ గుర్తు, షిఫ్ట్‌తో డి కొడితే డెల్టా. గుణకారం గుర్తుకి ఆల్ట్ నొక్కి 0180. మైనస్ గుర్తు విషయంలో చాలామంది టైమ్స్‌లో హైఫన్ కొట్టేవారు. అది మరీ పొట్టిగా ఉండి, జిరాక్స్ కాపీలో చుక్కలా మిగిలిపోతుంది. అదే మీటను సింబల్‌లో కొడితే ప్లస్ గుర్తుకి సరిపోయేంత వెడల్పున్న అసలైన మైనస్ వస్తుంది. ఉష్ణోగ్రతలూ ఆవేశాలూ నిండిన పుస్తకంలో ఈ ఒక్క తేడాతో లెక్క తప్పుగా చదివే ప్రమాదం పోతుంది.

పేజ్‌మేకర్‌లో పేరా స్టైల్సే తప్ప అక్షరాల స్టైల్స్ లేవు. కాబట్టి ప్రతి థీటా విడిగా ఫాంటు మార్చిన థీటాయే. ఎవరైనా మేటర్ మొత్తం కంట్రోల్+ఎతో ఎంచి తెలుగు ఫాంటు మార్చారంటే గ్రీకు అక్షరాలూ ఇంగ్లీషు యూనిట్లూ అన్నీ ఒకే దెబ్బకి తెలుగు ముక్కలుగా మారిపోతాయి. వెనక్కి తీసుకోవడానికి అన్‌డూ ఒక్క మెట్టే. ఆ తర్వాత ఇంకో మీట నొక్కి ఉంటే అదీ పోయినట్టే. అప్పుడు ఆదుకునేది ఒకటుంది. పేజీ మారినప్పుడల్లా పేజ్‌మేకర్ తనంతట తాను మినీ సేవ్ చేసుకుంటుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైల్ మెనూలో రివర్ట్ ఎంచుకుంటే ఆఖరి సేవ్‌కి కాకుండా ఆ మినీ సేవ్‌కి వెళుతుంది. కంగారులో ముందు పేజీ తిప్పి చూస్తే మాత్రం చెడిన రూపమే మినీ సేవ్ అవుతుంది. అందుకని తప్పు కనిపించగానే పేజీ కదపకూడదు.

రసాయన సూత్రాల్లో కింది అంకెలకి మామూలు లెక్క 58.3 శాతం సైజు, 33.3 శాతం దిగుడు. 14 పాయింట్లలో అది 8 పాయింట్లకి కొంచెం పైన ఉంటుంది, కానీ ఇంగ్లీషును 11.5కి దించాం కదా, అంకె 6.7 పాయింట్లకి పడిపోతుంది. అంగుళానికి 300 చుక్కల లేజరు ప్రింటరు మీద ఆ సైజులో 3కీ 8కీ తేడా పోయేది. పైగా దిగుడు ఎక్కువై కింది లైను గుడిని తాకేది. క్యారెక్టర్ బాక్సులో ఆప్షన్స్‌లోకి వెళ్లి సైజు 70 శాతానికి పెంచి, దిగుడు 20 శాతానికి తగ్గిస్తే రెండు ఇబ్బందులూ తీరతాయి. ఏ ఫైలూ తెరవకుండానే ఈ అంకెలు మార్చి పెడితే కొత్త ఫైళ్లన్నిటికీ అవే వర్తిస్తాయి.

భిన్నాలూ వర్గమూలాలూ సమాకలన గుర్తులూ పేజ్‌మేకర్ చేతిలో లేని పని. వాటికి మ్యాథ్‌టైప్, లేదంటే వర్డ్‌లో వచ్చే ఈక్వేషన్ ఎడిటర్. అక్కడ సమీకరణం కట్టి, బొమ్మగా దించి, టెక్స్ట్ టూల్‌తో లైన్లో క్లిక్ చేసి అతికించాలి. పాయింటర్ టూల్‌తో అతికిస్తే అది పేజీకి అంటుకుంటుంది, మేటర్ జరిగినా అది జరగదు. ఇన్‌లైన్‌గా పెడితే మేటర్‌తో పాటే నడుస్తుంది. అప్పుడు దాన్ని ఎంచి కంట్రోల్ పాలెట్‌లో బేస్‌లైన్ సర్దాలి. భిన్నం గీత, పక్కనున్న సమానం గుర్తు మధ్యభాగం ఒకే ఎత్తులో ఉన్నాయా అని 400 శాతం పెంచి చూడాలి. ఎత్తయిన సమీకరణాన్ని బిగించిన 17 పాయింట్ల లైన్లో పెడితే పై లైను మీద పడుతుంది. అందుకే ‘సమీకరణం’ అని వేరే స్టైల్ చేసి, దానికి మాత్రం ఆటో లీడింగ్ ఉంచి, మధ్యలో సెంటర్ ట్యాబ్, కుడి చివర సమీకరణం నంబరుకి రైట్ ట్యాబ్ పెట్టుకోవాలి.

ఆ నంబర్లు వేయడం పూర్తిగా చేతి పనే. రెండో అధ్యాయంలో 14వ సమీకరణం ముందు రచయిత ఇంకోటి చేర్చారంటే తర్వాతివన్నీ మారాలి, ‘సమీకరణం 2.17 నుంచి’ అని వాక్యాల్లో ఉన్నవి కూడా మారాలి. 2.14ఎ, 2.14బి అని పాత పుస్తకాల్లో కనిపించేవి చాలావరకు ఆ అవస్థ నుంచి పుట్టినవే. అదే కాలంలో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంగ్లీషు మాన్యువల్స్ రాసేవాళ్ల దగ్గర ఫ్రేమ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. నంబర్లు, క్రాస్ రిఫరెన్సులు, పట్టికలు, సమీకరణాలు అన్నీ అందులోనే. సాంకేతిక రచనకి అంతకంటే తగిన సాధనం ఆ రోజుల్లో లేదనే అంటాను. తెలుగు పుస్తకాల పని మాత్రం పేజ్‌మేకర్‌తోనే సాగింది.

పట్టికలకి అడోబీ టేబుల్ అని విడిగా ఒక ప్రోగ్రాం వచ్చేది కానీ తెలుగు కొట్టడం అందులో ఇబ్బంది. ట్యాబులతో నిలువు వరసలు కట్టి, గీతల పరికరంతో అడ్డగీతలు గీసేవారు. మేటర్ ఒక లైను కిందికి జరిగితే గీతలు అక్కడే నిలిచిపోయి, అంకెల నడుం మీదుగా పోయేవి. అడ్డగీతని పేరాకే చెందేలా పారాగ్రాఫ్ రూల్స్‌లో పెడితే ఆ బాధ ఉండదు. నిలువు గీతలు ఎలాగూ తగ్గించడమే మేలు.

బొమ్మలు కోరల్‌డ్రాలో. రెసిస్టెన్సు, కెపాసిటర్, గాల్వనామీటరు గుర్తులు ఒకసారి గీసి పెట్టుకుంటే అన్ని పుస్తకాలకీ పనికొచ్చేవి. తెలుగు పేర్లు రాశాక కంట్రోల్+క్యూతో కర్వ్స్ చెయ్యాలి, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చాలి, లేకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేర్లు మారిపోతాయి. కర్వ్స్ చేసిన ఫైలుతో పాటు చెయ్యనిది కూడా ఉంచుకోవాలి, తర్వాత అక్షరదోషం దిద్దాలంటే అదే దిక్కు. హెయిర్‌లైన్ గీత తెర మీద నాజూగ్గా ఉంటుంది, ప్లేటు మీదికొచ్చేసరికి మధ్యమధ్యలో తెగుతుంది. అర పాయింటు కంటే సన్నం వద్దు. పాత పుస్తకం నుంచి స్కాన్ చేసే గీతల బొమ్మలు అంగుళానికి 600 చుక్కలతో, నలుపు తెలుపు టిఫ్‌గా తీయాలి. పేజీలో వాటి సైజు మార్చేటప్పుడు కంట్రోల్ నొక్కి లాగితే ప్రింటరు రిజల్యూషన్‌కి నప్పే సైజుల దగ్గరే ఆగుతుంది, గళ్లూ చారలూ మచ్చలు కట్టవు. ఫోటోలకి ఇంత వెసులుబాటు లేదు. 600 చుక్కల లేజరు మీద అంగుళానికి 85 చుక్కల వరసల స్క్రీన్ పెడితే వచ్చే బూడిదరంగు మెట్లు దాదాపు 50. శాస్త్రవేత్త ముఖానికి ఆ మాత్రం చాలు, మైక్రోస్కోపు ఫోటోకి చాలదు. దానికి ఫిల్మ్ నెగెటివ్ తీయించాల్సిందే.

పుస్తకం చివర్లో పదసూచిక కావాలని అడిగే రచయితలు తక్కువ, అడిగినవాళ్ల పుస్తకాలు నేటికీ పనికొస్తున్నాయి. పేజ్‌మేకర్‌లో ఇండెక్స్ సౌకర్యం ఉంది కానీ అది వరస పెట్టేది ఇంగ్లీషు కోడ్ల ప్రకారం. ‘అయస్కాంతం’ తర్వాత ‘ఘర్షణ’, దాని తర్వాత ‘ఆవేశం’ వచ్చేది. దీనికి మందు ఆ బాక్సులోనే ఉంది. మాట పక్కనే సార్ట్ అనే గడి. అందులో అ కి 01, ఆ కి 02, ఇ కి 03 అని వర్ణమాల వరసలో రెండంకెల చొప్పున, మాటలోని మొదటి మూడు నాలుగు అక్షరాలకి కోడు కొట్టాలి. కోడ్ల పట్టిక అట్ట మీద రాసి మానిటరు పక్కన ఆనించుకుంటే పని వేగంగా సాగుతుంది. విసుగు పని, కానీ ఒకసారి చేస్తే ఎడిషన్ మారి పేజీలు జరిగినా, సూచికను మళ్లీ తయారుచెయ్యమంటే చాలు, పేజీ నంబర్లు తానే సర్దుతుంది.

సేవ్ చేసేకొద్దీ ఫైలు ఊరుతుంది, తీసేసిన మేటర్ కూడా లోపల మిగిలే ఉంటుంది. సేవ్ యాజ్ కొడితే మళ్లీ చిక్కుతుంది. 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టించడానికి అదే దారి. ట్రేసింగ్ తీసే చోటికి పంపేటప్పుడు ఫైలొక్కటే పంపితే చాలదు. పేజీల్లో పెట్టిన బొమ్మల అసలు ఫైళ్లు (లింకులు), తెలుగు ఫాంట్లు, మ్యాథ్‌టైప్ వాడే ఎంటీ ఎక్స్‌ట్రా ఫాంటు అన్నీ వెంట ఉండాలి. ఆ చివరిదాన్ని మర్చిపోతే సమీకరణాల్లో కొన్ని గుర్తులు వేరే బొమ్మలై వస్తాయి, ట్రేసింగ్ అయిపోయేదాకా ఎవరికీ తెలియదు.

ట్రేసింగ్ పేపరు మీద మిర్రర్‌లో తీస్తారు, అంటే అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి వస్తాయి. టోనర్ ఉన్న వైపు ప్లేటుకి ఆనాలి. అలా ఆనితే ప్లేటు మీద అక్షరాలు సూటిగా, ప్లేటు నుంచి కాగితానికి సిరా మోసే రబ్బరు బ్లాంకెట్ మీద తిరగబడి, కాగితం మీద మళ్లీ సూటిగా పడతాయి. తిన్నగా తీసి టోనర్ పైకి పెడితే కాగితం మందం మేర వెలుగు పక్కకి పాకి సన్నటి ఒత్తులు కరిగిపోతాయి. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు అయితే ప్రింట్ బాక్సులో కలర్ విభాగంలో మిర్రర్ టిక్ ఉంటుంది. వానాకాలం ట్రేసింగ్ చెమ్మ పీల్చి ప్రింటర్లో ముడుచుకుంటుంది, కట్ట విప్పిన వెంటనే వాడెయ్యడం మంచిది. ఆఖరి నిమిషంలో ఒక లైను దిద్దాలంటే ఆ లైను ముక్క కోసి అతికించేవారు. ముక్క అంచు ప్లేటు మీద సన్నటి గీతలా పడుతుంది. దాన్ని కెమికల్ బ్రష్‌తో తుడుస్తూ పక్కనున్న ఒత్తు పోకుండా చూసుకోవాలి. ఫిజిక్స్ పుస్తకంలో అలా తుడుచుకుపోయిన దశాంశ బిందువులు ఎన్నో. నా సలహా ఎప్పుడూ ఒకటే, అంకెలున్న లైను దిద్దాల్సి వస్తే పేజీ మొత్తం మళ్లీ తియ్యండి.

ఆ ఫైళ్లు ఇంకా చాలామంది దగ్గర సీడీల్లో ఉన్నాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 వాటిని తెరుస్తుంది, తెలుగు యూనికోడ్‌ని (ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే నేటి పద్ధతిని) కూడా సరిగ్గా కూరుస్తుంది. కానీ తెరిచినంత మాత్రాన మేటర్ యూనికోడ్ కాదు, పాత ఫాంటు కోడ్లే ఉంటాయి. స్టోరీలను (మేటర్‌ని) ఆర్టీఎఫ్‌గా ఎగుమతి చేస్తే ఏ మాట ఏ ఫాంటులో ఉందో నిలుస్తుంది. ఉత్త టెక్స్ట్‌గా తీస్తే థీటా, క్యూ, తెలుగు ముక్క అన్నీ ఒకటే అయిపోతాయి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు అన్నిటినీ తెలుగే అనుకుంటుంది. కన్వర్ట్ చేసే ముందు టైమ్స్, సింబల్ ఉన్న చోటల్లా రంగు మార్చి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడం తేలిక. అయ్యాక అన్నిటికంటే ముందు క్రావడి ఉన్న మాటలు చూడండి. పాత ఫాంట్లలో క్రావడి కొన్నిసార్లు అక్షరానికి ముందే పడి ఉంటుంది, మార్పిడిలో అది పక్క అక్షరానికి అంటుకుంటుంది. ‘ద్రవ్యరాశి’, ‘ప్రక్రియ’, ‘ఎలక్ట్రాన్’, ‘ధ్రువణం’. ఈ నాలుగూ వెతికి చూస్తే మిగతా పుస్తకం ఎలా వచ్చిందో తెలిసిపోతుంది.